మొదటి జీతంతో తోలు కార్డ్ హోల్డర్ కొంటారా? ముందు నాయుడమ్మ గురించి తెలుసుకోండి

మొదటి జీతం అకౌంట్లో పడ్డ రోజు ఏం చేయాలో మీరు ఇప్పటికే అనుకుని ఉంటారు. అమ్మకి చీర, నాన్నకి చొక్కా, సింహాచలం అప్పన్న దర్శనం, రూమ్మేట్లకి బిర్యానీ. ఇవన్నీ అయ్యాక మీకంటూ ఒక మంచి వస్తువు కొనుక్కోవాలనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. మీలో కొందరి ఫోన్లో ఆ వస్తువు ఫొటో కూడా సేవ్ అయి ఉంటుంది. పేరున్న బ్రాండ్ తోలు కార్డ్ హోల్డర్. అరచేతిలో ఇమిడిపోతుంది. నాలుగైదు కార్డులు పడతాయి. అదే బ్రాండ్ బ్యాగుతో, బూట్లతో పోలిస్తే చవక కాబట్టి చాలామంది మొదట కొనేది దాన్నే. అయితే ఆ చవక కూడా కొత్తగా చేరిన ట్రైనీ నెల జీతం దాకా వెళ్లొచ్చు.

కొనొద్దని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఏం చూసి కొనాలో తెలియాలంటే తోలుకి విలువ ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. అందుకు ఒక తెలుగువాడి జీవితం మీకు పనికొస్తుంది. ఆయన బ్యాగులు డిజైన్ చేయలేదు, షాపు పెట్టలేదు. కానీ మన దేశంలో తయారైన తోలు పర్సు బయటి దేశాల్లో అమ్ముడుపోతోందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ఆయనే డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. పేరు చివర అమ్మ ఉందని పొరబడకండి, మగాయనే.

రైతు ఇంటి పిల్లాడు, తోలు చదువు

నాయుడమ్మ 1922 సెప్టెంబరు 10న తెనాలి దగ్గర యలవర్రులో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రంలో డిగ్రీ చేశారు. బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. డిగ్రీ చేతికొచ్చాక ఆయన మద్రాసు వెళ్లి తోలు సాంకేతిక విద్య నేర్పే సంస్థలో చేరారు.

అది ఎంత పెద్ద నిర్ణయమో ఇవాళ మీకు వెంటనే తట్టకపోవచ్చు. ఆ రోజుల్లో తోలు పని అంటే ఊరి చివర, లంద దగ్గర, కులం పేరు చెప్పి కొందరికే అప్పగించిన పని. సున్నం నీళ్లలో చేతులు పెట్టి, ఆ వాసనలో రోజంతా ఉండి, ఊరందరికీ చెప్పులు, మోటలకి తోలు తొండాలు, డప్పులు చేసి ఇచ్చినవాళ్లని ఊరు దూరంగానే ఉంచింది. చదువుకున్నవాళ్లు అటువైపు చూసేవాళ్లు కాదు. అలాంటి పనిని సైన్సుగా చదువుకోవడానికి ఒక రైతు ఇంటి పట్టభద్రుడు వెళ్లాడు. ఊళ్లో నలుగురూ ఏమనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

మద్రాసు తర్వాత ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో శిక్షణ. బూట్ల తయారీకి పేరుపడ్డ ఊరది. అక్కడి నుంచి అమెరికా. పెన్సిల్వేనియా రాష్ట్రం బెత్లెహేమ్‌లో ఉన్న లీహై విశ్వవిద్యాలయంలో ఎంఎస్, పీహెచ్‌డీ చేశారు. గాజువాక, ఉక్కునగరం ఎరిగినవాళ్లకి ఈ బెత్లెహేమ్ కొత్తగా అనిపించదు. అదీ ఉక్కు పట్టణమే. బెత్లెహేమ్ స్టీల్ కంపెనీ బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నది ఆ ఊళ్లోనే. అక్కడ ఇనుప ఖనిజం ఉక్కు అవుతుంటే, మన నాయుడమ్మ లేబొరేటరీలో పచ్చి తోలు లెదర్‌గా ఎలా మారుతుందో చదివారు.

ఆ చదువు ఏంటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం, షాపులో మీకు అక్కరకొస్తుంది. తోలులో ప్రధానంగా ఉండేది కొలాజెన్ అనే ప్రొటీన్. పచ్చి తోలుని అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే టానిన్లు గానీ, క్రోమియం లవణాలు గానీ ఆ కొలాజెన్ పోగుల్ని పట్టి కట్టేస్తే ఇక కుళ్లదు. దీన్నే తోలు పదును చేయడం అంటారు. చెట్ల చెక్కలతో వారాలు పట్టే పని క్రోమియంతో చాలా త్వరగా అయిపోతుంది. మన పల్లెల్లో తరతరాలుగా చేత్తో నేర్చుకున్న విద్య వెనక ఉన్న కెమిస్ట్రీ ఇదే.

ఖనిజం ఓడ ఎక్కినట్టే తోలూ ఎక్కేది

కేంద్ర తోలు పరిశోధన సంస్థ, అంటే సీఎల్ఆర్ఐ, 1948లో మద్రాసు అడయారులో మొదలైంది. నాయుడమ్మ అమెరికా నుంచి వచ్చి 1950ల మొదట్లో అందులో చేరారు. 1958లో డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 35, 36 ఏళ్లు. 1971 దాకా ఆ కుర్చీలో ఉన్నారు.

ఆయన ముందున్న సమస్య విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీద మన పోర్టుకి వచ్చి, ఓడెక్కి జపాన్ వెళ్లింది. పెద్ద ఖనిజం ఓడలు ఆగడానికే 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. ఖనిజం వెళ్లిపోతే దాంతో పాటు దాని మీద చేయాల్సిన పనీ, ఆ పని చేసే ఉద్యోగాలూ వెళ్లిపోతాయి. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని 1966లో జనం రోడ్డెక్కారు, కొందరు ప్రాణాలు ఇచ్చారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992లో గానీ ప్లాంటు జాతికి అంకితం కాలేదు.

తోలు కథా అంతే. పశు సంపదలో మనది ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న దేశం. కానీ మన తోళ్లు ఎక్కువగా పచ్చివిగానో, సగం పదును చేసినవిగానో మద్రాసు రేవు నుంచి వెళ్లిపోయేవి. అక్కడ రంగు అద్ది, మెరుగు పెట్టి, కత్తిరించి, కుట్టి, ముద్ర వేసి బూటుగా, పర్సుగా అమ్ముకునేవాళ్లు. తోలు మనది, లాభం వాళ్లది.

నాయుడమ్మ లేబొరేటరీలో కూర్చుని పేపర్లు రాసుకుంటే ఇది మారదు. అందుకే పరిశోధనని టానరీల దగ్గరికి తీసుకెళ్లారు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట టానరీ యజమానుల్నీ, శాస్త్రవేత్తల్నీ ఒక చోట కూర్చోబెట్టారు. పల్లెల్లో చనిపోయిన పశువు తోలుని కత్తిగాట్లు పడకుండా తీయడం దగ్గర నుంచి, ఉప్పు సరిగ్గా పట్టించడం, పదును, రంగు, ఫినిషింగ్, డిజైన్ దాకా సీఎల్ఆర్ఐ పని విస్తరించింది. ఒక్క కత్తిగాటు, పశువుకి వేసిన ఒక్క వాత తోలు ధరని పడగొడతాయి. ఆ చిన్న విషయాలు నేర్పడం కూడా ఆ సంస్థ తన పని అనుకుంది.

1970ల మొదట్లో ప్రభుత్వం ముడి తోళ్ల ఎగుమతిని ఆపింది. సగం పదును చేసిన తోళ్లకి పరిమితులు పెట్టింది. తయారైన తోలు, తోలు వస్తువులే బయటికి పంపాలని చెప్పింది. ఈ విధానం ఒక్కరి చేత్తో వచ్చింది కాదు. కానీ అది నిలబడాలంటే ఆ పని చేయగల మనుషులు, విద్య దేశంలోనే ఉండాలి. అవి అడయారులో అప్పటికే తయారవుతున్నాయి.

దీనికి మరో పక్క కూడా ఉంది. టానరీలు పెరిగాక వాటి మురుగు నీరు తమిళనాడులో పాలారు నదిని, చుట్టుపక్కల బావుల్ని పాడుచేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1996లో తీర్పు వచ్చింది. తోలు శుద్ధి చేశాక మిగిలిన నీటిని ఎలా శుద్ధి చేయాలన్నది ఇప్పటికీ ఈ రంగంలో పెద్ద పనే. కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

ఢిల్లీ, కరీంనగర్, ఆ తర్వాత

1971లో నాయుడమ్మకి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది దేశంలోని పరిశోధనశాలలన్నిటినీ చూసే సీఎస్ఐఆర్‌కి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1977 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. ఢిల్లీ వెళ్లాక కూడా ఆయన పద్ధతి మారలేదు. లేబొరేటరీల్లో ఉన్న జ్ఞానం ఒక వెనకబడిన జిల్లాకి ఎంతవరకు పనికొస్తుందో చూద్దామని కరీంనగర్ జిల్లాని ఎంచుకుని, శాస్త్రవేత్తల్ని ఊళ్లకి పంపారు. 1981–82లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. తోలు పరిశ్రమ నిలబెట్టుకోవాలనుకున్న దేశాలు ఆయన్ని సలహాకి పిలిచేవి.

1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరం దగ్గర అట్లాంటిక్ మీద బాంబు పేలి కూలిపోయింది. 329 మంది చనిపోయారు. అందులో నాయుడమ్మ ఒకరు. అప్పటికి ఆయనకి 62 ఏళ్లు.

ఇక షాపుకి వెళ్దాం

ఆయన జీవితం మీకు చెప్పేది ఒక్కటే. తోలు వస్తువు విలువ దాని మీద జరిగిన పనిలో ఉంది. కాబట్టి కార్డ్ హోల్డర్ చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు ముద్ర వైపు కాకుండా పని వైపు చూడండి.

మొదట, అది తోలేనా అని అడగండి. ఖరీదైన బ్రాండ్లలో బాగా పేరున్న అచ్చుల రకాలు కొన్ని తోలు కావు, పూత పూసిన కాన్వాస్. అవీ మన్నుతాయి, కానీ మీరు తోలు కొంటున్నాననుకుని కాన్వాస్ కొనకూడదు. తోలే అయితే ఏ రకం? పై పొరని గీకకుండా అలాగే ఉంచినది ఫుల్ గ్రెయిన్. దానికి సన్నని రంధ్రాలు, చిన్న చిన్న మచ్చలు కనిపిస్తాయి, అవి లోపాలు కావు. వాడే కొద్దీ నిగారింపు వస్తుంది. అంతటా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే పై పొర గీకి, రంగు పూత వేసి ఉండొచ్చు. తోలు తుక్కుని జిగురుతో అతికించి చేసేది బాండెడ్ లెదర్, తొందరగా పొలుసులు ఊడుతుంది. జెన్యూన్ లెదర్ అని ముద్ర ఉన్నంత మాత్రాన మేలురకం అనుకోకండి. ఏదో ఒక రకం తోలు అని మాత్రమే దానర్థం.

తర్వాత అంచులు చూడండి. పనితనం బయటపడేది అక్కడే. మడిచి కుట్టారా, నున్నగా రుద్ది మెరుగు పెట్టారా, లేక మందంగా రంగు పూసి వదిలేశారా? కుట్లు దగ్గరగా, ఒకే దూరంలో ఉన్నాయా? మీ దగ్గరున్న కార్డులు తీసి అన్ని అరల్లో పెట్టి చూడండి. కొత్తగా ఉన్నప్పుడు కొంచెం బిగుతుగా ఉండటమే మంచిది, తోలు తర్వాత సాగుతుంది. మీకు నిజంగా అవసరమైన కార్డులు ఎన్నో లెక్కపెట్టుకోండి. ఆధార్, ఏటీఎం, కంపెనీ ఐడీ, లైసెన్స్. నాలుగు అరలు చాలు.

విశాఖలో ఇంకో లెక్క ఉంది. సముద్రపు తేమ. వాడకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచితే వానాకాలంలో తోలుకి బూజు పడుతుంది. తడిస్తే ఎండలో పెట్టకుండా, పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వండి. ఎంత ఖరీదు పెట్టినా దాచుకునే వస్తువు కాదది, రోజూ వాడాల్సింది.

డబ్బు సంగతికొస్తే, అంత చిన్న వస్తువుకి ఈఎంఐ పెట్టకండి. ఇంటికి పంపాల్సింది పంపి, రూము అద్దె కట్టి, మిగిలిన దాంట్లో వస్తేనే కొనండి. పెద్ద బ్రాండ్ అందకపోతే చిన్నబుచ్చుకోవద్దు. మంచి తోలుతో, మంచి కుట్టుతో మన దేశంలో చేసిన కార్డ్ హోల్డర్లు ఆ ధరలో కొద్ది వంతుకే దొరుకుతాయి. ఫస్ట్ ఇంటర్వ్యూలో మీ ఎదురుగా కూర్చున్నవాళ్లు మీ పర్సు మీద పేరు చూడరు, మీ మాట వింటారు.

ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకి మరో మాట. అందరూ ఒకే గేటు ముందు క్యూ కట్టినప్పుడు పక్క గేటు వైపు కూడా చూడండి. చెన్నైలో అన్నా యూనివర్సిటీ, సీఎల్ఆర్ఐ కలిసి లెదర్ టెక్నాలజీలో బీటెక్ నడుపుతున్నాయి. హైదరాబాద్‌లో ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ క్యాంపస్ ఉంది. డిజైన్, కెమిస్ట్రీ, మెషిన్లు, ఎగుమతులు, నీటి శుద్ధి, అన్ని చదువులవాళ్లకీ ఈ రంగంలో చోటుంది.

మొదటి జీతం వచ్చాక కార్డ్ హోల్డర్ కొన్నారనుకోండి. కార్డులు పెట్టే ముందు లోపలి అర తిప్పి అది ఎక్కడ తయారైందో చదవండి. మన దేశం పేరు కనిపిస్తే, యలవర్రు నుంచి లంద వైపు నడిచి వెళ్లిన ఆ కుర్రాణ్ని ఒక్క నిమిషం తలచుకోండి.