విలియం కేరీగారి తోటయు సంసారమును

మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సీమలలో సంసారము నడుపుట యెట్టిదో మన విద్యార్థులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. వానలు కురిసిన యేడు కాచిన గోరుచిక్కుడు, వంకాయ మున్నగువానిని మన తల్లులు తరిగి, ఎండబెట్టి, వరుగులు చేసి కుండలలో దాచుదురు. చింతపండు, ఎండుమిరపకాయలు, ఊరగాయ, జొన్నలు, కొఱ్ఱలు ఇంటనున్నచో వానలు లేని కాలము కొంతవఱకు గడచును. విత్తనములకు బూడిద కలిపి, వేపాకు వేసి భద్రపఱతురు. ఈ జాగ్రత్త మనకు తరతరములుగా వచ్చినది. ఇట్టి యనుభవమేమియు లేక, ఎఱుగని దేశమునకు చిన్నబిడ్డలతో వచ్చి, అడవి నఱికి యిల్లు కట్టబూనిన యొక కుటుంబము చరిత్రను ఇందు చెప్పబూనితిని. ఆ కుటుంబపు యజమానులు విలియం కేరీగారు. క్రైస్తవ గృహములలో ఈయన పేరు విననివారు అరుదు. అయినను ఈయన గొప్ప తోటమాలి యనియు, ఈయన యింటివారు పడిన పాట్లు ఎట్టివనియు ఎఱిగినవారు కొలదిమందియే.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లాండులో పాలర్స్‌పరీ యను గ్రామమున జన్మించిరి. తండ్రి ఎడ్మండు మొదట సాలెవాడు. పిమ్మట ఆ యూరి బడిపంతులయ్యెను. తండ్రి సోదరుడగు పీటరు కెనడా దేశమున సిపాయిగా నుండి తిరిగి వచ్చి, తోటమాలిపని చేసికొనుచుండెను. బాలునకు చెట్లయందు ప్రీతి కలిగించినవాడు ఇతడే. కేరీగారి గది పురుగులతోను మొక్కలతోను నిండియుండెడిదట. ఎండ తగిలినచో చర్మవ్యాధి బాధించుటచేత పొలముపని సాగక, ఆయన చెప్పులు కుట్టు వృత్తి నేర్చుకొనిరి. 1781లో డోరతమ్మగారిని వివాహమాడిరి. ఆమెకు చదువు రాదు. పెండ్లి పుస్తకములో సంతకమునకు బదులు గుర్తు మాత్రము పెట్టెను. వారి మొదటి బిడ్డ రెండేండ్ల ప్రాయమున జ్వరముచే మరణించెను.

1792లో మిషనరీ సంఘమొకటి యేర్పడగా కేరీగారు హిందూదేశమునకు వచ్చుటకు నిశ్చయించిరి. సముద్రయానమునకు డోరతమ్మగారు మొదట ఒప్పుకొనలేదు. ఆమె అప్పుడు గర్భవతి. బిడ్డ పుట్టిన పిమ్మట, తన చెల్లెలు కిట్టీ తోడు వచ్చినచో వత్తునని తుదకు సమ్మతించెను. 1793 జూన్ 13వ తేదీన ఫీలిక్సు, విలియం, పీటరు అను ముగ్గురు బాలురతోను, చంటిబిడ్డ జేబెజుతోను ఓడ నెక్కి, అయిదు నెలలకు నవంబరులో కలకత్తా చేరిరి.

తెచ్చిన ధనము కొలదినాళ్లకే ఖర్చయ్యెను. కుంపిణీవారి వృక్షతోటలో ఉద్యోగము దొరకునని కేరీగారు ఆశించిరిగాని అది అంతకుముందే విలియం రాక్స్‌బరోగారికి ఈయబడెను. ఈ రాక్స్‌బరోగారు మన తెలుగుదేశమున సామర్లకోటలో తోటలు పెంచి, కోరమాండలు తీరపు మొక్కలను పరిశోధించి అచ్చటికి వెళ్లినవారు. తరువాత వీరిద్దరును ప్రాణమిత్రులైరి. తెలుగు అడవులలోను పెరుగు కుంభి చెట్టునకు శాస్త్రమున కేరియా యని పేరు పెట్టినవారు రాక్స్‌బరోగారే.

1794 మొదటి మాసములలో కేరీగారు కుటుంబమును పడవలో నెక్కించుకొని, కలకత్తాకు తూర్పుననున్న సుందరవనములలోని దేభాటకు బయలుదేరిరి. అది ఉప్పునీటి కాలువల ప్రదేశము, పులులకు నిలయము. డోరతమ్మగారును పెద్దకుమారులును అప్పటికే రక్తగ్రహణితో నీరసించియుండిరి. పడవలో ఆహారము తఱుగుచుండెను. అచ్చటి ఉప్పుశాఖలో అధికారియగు షార్టు దొరగారు వీరిని దయతో తన యింట చేర్చుకొనిరి. కేరీగారు అడవి కొట్టించి, వెదురుతో ఇల్లు కట్టనారంభించి, కూరగాయల తోటకు నేల సిద్ధపఱచిరి. ఈ ప్రయత్నము కొన్ని మాసములే సాగినది. మాల్దా దగ్గఱ మద్నబాటి యను నూర నీలిమందు కర్మాగారమునకు నిర్వాహకులుగా రమ్మని ఆహ్వానము వచ్చెను. జీతము నెలకు 200 రూపాయలు. నాటిన తోటను విడిచి కుటుంబము మరల పడవ నెక్కెను.

మద్నబాటిలో కేరీగారు మరల తోట వేసిరి. ఏటేట విత్తనములను, కొడవళ్లు మున్నగు పనిముట్లను పంపవలసినదని ఇంగ్లాండునకు జాబులు వ్రాసిరి. ఆ సంవత్సరమే ఆయన జ్వరముతో మంచముపట్టిరి. అంతలో అక్టోబరు మాసమున అయిదేండ్ల పీటరు రక్తగ్రహణిచే మృతినొందెను. కులాచారమునకు వెఱచి శవమును పూడ్చుటకు ఎవరును ముందునకు రాలేదు. తుదకు నలుగురు ముసల్మానులు గొయ్యి త్రవ్విరి. అందులకై వారిని ఆ యూరివారు వెలివేయజూచిరి.

ఈ దుఃఖమును డోరతమ్మగారు సహింపలేకపోయెను. 1795 మొదలుకొని ఆమెకు మతి చలించెను. భర్తను అనుమానించి దూషించుచుండెను. ఒక్కొక్కప్పుడు ఆమెను గదిలో నుంచి కావలి కాయవలసివచ్చెను. 1796లో జోనతాను జన్మించెనుగాని తల్లి బాగుపడలేదు. ఆమె ప్రక్కగదిలో కేకలు వేయుచుండగా కేరీగారు తర్జుమా చేసికొనుచుండిరి. ఇట్లు పండ్రెండేండ్లు గడచినవి. 1807 డిసెంబరు 8వ తేదీన ఆమె మరణించెను. మహనీయుల చరిత్రలు చెప్పునపుడు ఇట్టివి దాచుట వాడుక. దాచుట న్యాయముకాదని నా అభిప్రాయము. ఆయన స్వేచ్ఛగా ఎన్నుకొన్న కష్టమును ఆమె ఎన్నుకొనలేదు. మనము గ్రంథములు చూచి సంతోషించునపుడు, వాని వెలలో కొంత ఆమెయు పీటరును చెల్లించిరని జ్ఞాపకముంచుకొనవలెను.

1800 జనవరిలో కేరీగారు డేనులవారి పాలననున్న శ్రీరామపురము చేరి, మార్ష్‌మన్, వార్డు గారలతో కలిసి ఒకే కుటుంబముగా జీవించిరి. అందఱి సంపాదనయు ఒకే పెట్టెలో వేయుదురు; అందఱును ఒకే బల్లయొద్ద భుజింతురు. అదుపులేక పెరిగిన కేరీగారి బాలురను హన్నా మార్ష్‌మన్ దొరసానిగారును వార్డుగారును దారికి తెచ్చిరి. తండ్రికి తీఱిక లేక విడిచిన పనిని ఇతరులు నెఱవేర్చిరనుట సత్యము.

అచ్చట కేరీగారు సుమారు అయిదెకరముల తోటను శాస్త్రక్రమమున నాటించిరి. ఉదయమున ఆ తోటలోనే ప్రార్థన చేసికొనెడివారు. బర్మాలోనున్న ఫీలిక్సును, అంబోయినాలోనున్న జేబెజును తండ్రికి మొక్కలు పంపుచుండిరి. ఇంగ్లాండునుండి వచ్చిన విత్తనపు సంచిని ఒకనాడు నీడలో దులిపించగా, అందలి మట్టినుండి ఆ దేశపు చిన్న డెయిజీ పువ్వు మొలచెనట. దానిని చూచి ఆయన పసిబిడ్డవలె ఆనందించిరి. రాక్స్‌బరోగారి వృక్షగ్రంథములను అచ్చువేయించినవారును ఈయనయే. 1820లో వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించి, భారతీయులును అందు సభ్యులు కావలెనని కోరిరి. ఆ సంఘము కలకత్తాలో నేటికిని ఉన్నది.

1812 మార్చి 11వ తేదీన అచ్చుకూటము కాలిపోయి, ఇతర ప్రతులతోపాటు తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు భస్మమయ్యెను. ఆయన మరల మొదటినుండి వ్రాసి 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిరి. 1818లో తెలుగు క్రొత్తనిబంధన శ్రీరామపురమున అచ్చయ్యెను. 1823లో నది పొంగి తోట చాలవఱకు పాడైనది. ఆయన యిల్లును దెబ్బతిన్నది. అప్పటికాయనకు 62 ఏండ్లు. తోటను మరల నాటించిరి. నడువలేని కాలమున బండికుర్చీలో తోటలోనికి తీసికొనిపోబడెడివారు. తన తరువాత ఆవులు ప్రవేశించి తోటను మేయునేమోయని చింతించెడివారట. 1834 జూన్ 9వ తేదీన పరలోకప్రాప్తి నొందిరి.

విద్యార్థులారా! దేభాట, మద్నబాటి, శ్రీరామపురము, ఈ మూడుచోట్లను కేరీగారు విసుగక తోట నాటిరి. వానలు తక్కువైన మన సీమలో ఆ యోర్పు మనకు మిక్కిలి అవసరము. అయితే ఆయన యింట జరిగినదియు మఱవకుడు. ఈ వేసవి సెలవులలో ఇండ్లకు పోయినప్పుడు బావియొద్ద ఒక మొక్క నాటి నీరు పోయుడు. మీ తల్లి మిద్దెపై వరుగులు ఎండబెట్టునపుడు ప్రక్కన కూర్చుండి చేసాయమిచ్చి, ఆమె కష్టసుఖములు అడిగి వినుడు. పుస్తకము పట్టుకొని ప్రక్కగదిలో కూర్చుండుట ఎల్లప్పుడును చదువు కాదు.