కృతజ్ఞత కోరని యజమాని

జర్మనీ దేశములోని ఐసెనాక్ పట్టణమున 1840 జనవరి 23వ తేదీన ఎర్నెస్టు ఆబే జన్మించెను. తండ్రి నూలుమిల్లులో పనివాడు. పిమ్మట మేస్త్రీ అయ్యెను. ఆ కాలమున మిల్లుపని దినమునకు పదునాలుగు గంటలు. తొందర కలిగినప్పుడు పదునారు గంటలు. భోజనమునకు వేరుగ విరామము లేదు. మధ్యాహ్నమున ఎర్నెస్టు గాని, ఏడాది చిన్నదైన చెల్లెలు గాని ఇంటినుండి భోజనము తీసికొనిపోవలెను. తండ్రి యంత్రమునకు ఆనుకొనియో, పెట్టెమీద కూర్చుండియో త్వరత్వరగా తిని, ఖాళీ గిన్నె పిల్లల చేతికిచ్చి మరల పనిలో దిగును. ఆయన ఆజానుబాహువు, బలిష్ఠుడు. అట్టివాడు నలువదియెనిమిదవ యేట ముసలివానివలె వంగిపోయెను. ఆయన తోడివారు, అంతటి దేహపుష్టి లేనివారు, ముప్పదియెనిమిదవ యేటనే అట్లగుచుండిరి.

ఇట్లుండగా ఎర్నెస్టు చదువునకు సహాయము చేసినది ఆ మిల్లు యజమానియే. బాలుడు తెలివిగలవాడని గుర్తించి ఉన్నత పాఠశాలలో చేరుటకు ఆయన తోడ్పడెను. ఆ తోడ్పాటు లేనిచో మేస్త్రీ కొడుకునకు విశ్వవిద్యాలయపు గడప తొక్కు భాగ్యము కలిగెడిది కాదు. ఒక చేత తండ్రి ఆయువును తీసికొని, మరియొక చేత కుమారునకు విద్య నొసగిన ఈ యజమానికి ఆ యింటివారు ఋణపడిరా, లేక యజమానియే వారికి ఋణపడెనా? ఇది సులభమైన ప్రశ్న కాదు. ఆబే దీనిని జీవితాంతము మరువలేదు.

1857లో ఆయన యేనా విశ్వవిద్యాలయమున చేరెను. అటుపిమ్మట గాటింగెన్ నగరమునకు పోయి, ఇతరులకు పాఠములు చెప్పుకొని పొట్టపోసికొనుచు 1861లో డాక్టరు పట్టము పొందెను. 1863లో యేనాకు తిరిగివచ్చి అధ్యాపకుడయ్యెను. అధ్యాపకుడన్న మాటయే గాని స్థిరమైన జీతము లేదు. విద్యార్థులిచ్చు రుసుమే ఆధారము. బడిపంతుళ్ల కష్టము నెరిగిన మన పాఠకులకు దీనిని వివరింప నక్కరలేదు.

ఆ యేనాలోనే కార్ల్ జైస్ అను యంత్రశిల్పి చిన్న కార్ఖానా నడుపుచుండెను. 1846లో ఆయన కొట్టు తెరచినప్పుడు పెట్టుబడి నూరు టాలర్లు. అది సోదరుడు ఎడ్వర్డు ఇచ్చిన అప్పు. దానిని తరువాత తీర్చినది కార్ల్ కాదు, తండ్రి! కుటుంబములోని అప్పులు తరచుగా ఇట్లే యుండును. పుచ్చుకొన్నవాడొకడు, తీర్చువాడు వేరొకడు. వడ్డీ మాట నడుగువా డుండడు. తీర్చలేకపోయినచో న్యాయస్థానమునకు పోవువాడును అరుదు. బంధుత్వమే పత్రము, బంధుత్వమే సాక్షి. అందువలననే అట్టి అప్పు మిక్కిలి సులభము, మిక్కిలి బరువును.

జైస్ పనిలో కఠినుడు. సూక్ష్మదర్శిని తన కొలతకు సరిపడనిచో పనివాని ఎదుటనే దాగలిపై నుంచి సుత్తితో పగులగొట్టెడివాడు. అయినను పనివారిని తన తోటకు పిలిచి విందులు చేసెడివాడు. 1875లో వారికి జబ్బు చేసినప్పుడు వైద్యమునకై ఒక నిధి నేర్పరచెను. ఆయన పాతకాలపు గృహయజమాని వంటివాడు. కోపమును దయయు ఒక్కచోటనే యుండెడివి.

1866లో జైస్ ఆబేను ఆశ్రయించెను. అంతవరకు సూక్ష్మదర్శినుల కటకములను పనివారు చేతి నేర్పుతో పలుమారులు మార్చి మార్చి కుదుర్చుచుండిరి. బాగుగా కుదిరినది అదృష్టము. ఆబే దీనిని గణితమునకు లొంగదీసెను. 1872 నాటికి ఆ కార్ఖానా సూక్ష్మదర్శినులన్నియు ఆయన లెక్కల ప్రకారమే తయారగుచుండెను. ఎంత సూక్ష్మమైన వస్తువును చూడవచ్చునో, దాని హద్దు కాంతి తరంగము పొడవును బట్టి యుండునని ఆయన 1873లో ప్రకటించెను. 1876లో జైస్ ఆయనను భాగస్వామిగ చేసికొనెను. కటకములకు తగిన గాజు లేకపోగా, ఒట్టో షాట్ అను రసాయనజ్ఞునితో కూడి 1884లో గాజు కర్మాగారము నెలకొల్పిరి. వ్యాపారము వృద్ధి చెందెను; మేస్త్రీ కొడుకు ధనవంతుడయ్యెను.

ఆ ధనము ఆయనకు నిద్ర పట్టనీయలేదనిన అతిశయోక్తి కాదు. ఈ లాభము ఎవరిది? తన గణితము విశ్వవిద్యాలయము పెట్టిన భిక్ష. తనకు ముందు వందలమంది శాస్త్రజ్ఞులు కూడబెట్టిన జ్ఞానము. కటకమును అరగదీసినది పనివారి చేయి. ఇందు తన వంతు ఎంత? మొదట ఆయన పేరు బయటపడనీయక విశ్వవిద్యాలయమునకు ధనమిచ్చుచు వచ్చెను. 1888 డిసెంబరులో జైస్ మరణించెను. మరుసటి యేడు ఆబే కార్ల్ జైస్ ప్రతిష్ఠానమును స్థాపించెను. గతించిన భాగస్వామి పేరే దానికి పెట్టెను గాని తన పేరు పెట్టుకొనలేదు. జైస్ కుమారుడు రోడరిక్ అప్పటికి వ్యాపారములో భాగస్వామి. తండ్రి చేతులతో కట్టిన కార్ఖానా కుటుంబమును వీడిపోవుట ఆయనకు రుచించలేదు, అది సహజమే. చర్చలు చిక్కుగా సాగెను. తుదకు రోడరిక్ తన వాటాకు ప్రతిఫలము పుచ్చుకొని తొలగెను. ఆబేకు ఇద్దరు కుమార్తెలు. కర్మాగారము వారికి సంక్రమించలేదు. 1891లో అది ప్రతిష్ఠానపు సొత్తయ్యెను. అంతటినుండి ఆబే తన కార్ఖానాలో తానే జీతగాడు.

1896లో ప్రతిష్ఠానపు నిబంధనలను ఆయనయే వ్రాసెను. ఎంత పెద్ద అధికారియైనను, అనుభవముగల పనివారి సగటు వార్షికాదాయమునకు పదిరెట్ల కంటె మించి జీతము పుచ్చుకొనరాదు. ఈ హద్దు ఆబేకును వర్తించెను. పనివానిని నియమించునప్పుడు గాని, పై పదవి నిచ్చునప్పుడు గాని అతని మతమును, వంశమును, రాజకీయాభిప్రాయమును చూడరాదు. వేతనముతో కూడిన సెలవు, వృద్ధాప్యమున పింఛను, లాభములో భాగము ఏర్పడెను. పనివాని తప్పు లేక పని తీసివేసినచో పరిహార మియ్యవలెను.

ఇతర దేశములలోను దయగల యజమానులుండిరి. పనివారికి ఇండ్లు కట్టించిరి, పండుగకు బహుమానములిచ్చిరి. ఆబే వేరుపడినది ఇచ్చటనే. తాను కల్పించిన వానిని దానములని, సంక్షేమ కార్యములని పిలుచుట ఆయనకు నచ్చదు. దాత దయ మారవచ్చును. పుచ్చుకొన్నవాడు తల వంచుకొని యుండవలెను. కావున వానిని హక్కులుగా వ్రాసి, యజమాని తప్పినచో పనివాడు న్యాయస్థానమున దావా వేయవచ్చునని స్థిరపరచెను. ఇంటి అప్పునకు పత్రము లేకున్నను సాగునేమో. కార్ఖానాలోని ఋణమునకు పత్రము కావలెనని ఆయన మతము. పనివారు తనకు కృతజ్ఞులై యుండవలెనని ఆయన కోరలేదు. కొందరికి ఇది కాఠిన్యముగ తోచెను. కాని యజమాని దయతో చదివినవానికే ఆ దయలోని బరువు తెలియును.

1900 ఏప్రిల్ 1వ తేదీనుండి పని తొమ్మిది గంటలనుండి ఎనిమిదికి తగ్గెను. వ్యాపారము దెబ్బతినునని శంకించినవారికి ఆబే లెక్కలతోనే బదులు చెప్పెను. ముక్కకింత కూలి పుచ్చుకొను 233 మంది పనివారి సంపాదనను అంతకుముందటి యేటితో పోల్చి చూచెను. గంట కొక్కంటికి పని నూటికి 16.2 వంతున పెరిగెను. ఎనిమిది గంటలలో తొమ్మిది గంటల పని కావలెననిన నూటికి 12.5 పెరిగిన చాలును. అనగా దినపు ఉత్పత్తి తగ్గకపోగా కొంత హెచ్చెను. విద్యార్థులు ఈ లెక్కను కాగితముపై వేసి చూడవచ్చును. మరుసటి యేడు ఈ ఫలితములను ఉపన్యాసముగ వినిపించుచు, ఆయన తన తండ్రి భోజనము సంగతి గూడ చెప్పెను.

యేనా ప్రజలకై ప్రతిష్ఠానము కట్టించిన ప్రజాగృహము, అందలి గ్రంథాలయము, పఠనమందిరము 1903 నాటికి పూర్తియయ్యెను. ఆ యేడే ఆబే అనారోగ్యముచే పనినుండి విరమించెను. 1905 జనవరి 14వ తేదీన మరణించెను. 1945లో అమెరికా సైన్యము కర్మాగారపు నిపుణులలో కొందరిని పడమటి జర్మనీకి తరలించెను. 1948లో యేనాలోని భాగము ప్రభుత్వపరమయ్యెను. దేశము 1990లో ఏకమైన పిదప రెండు భాగములును మరల కలిసెను. నేటికిని కార్ల్ జైస్, షాట్ కంపెనీల వాటాలు ఆ ప్రతిష్ఠానము చేతిలోనే యున్నవి.