అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్

ఒక్క మాటను విడువక నిలిచి, ఐదు పర్యాయములు ప్రవాసశిక్ష ననుభవించిన మహనీయుని చరిత్రమును మన విద్యార్థులకు తెలుపదలచితిమి. ఆయన ఐగుప్తు దేశమందలి అలెగ్జాండ్రియా నగరపు బిషప్పు అథనాసియస్.

క్రీ.శ. 4వ శతాబ్దమున ఆ నగరమందే ఆరియస్ అను గురువు, క్రీస్తు దేవునిచే సృజింపబడినవాడే గాని అనాది కాడని బోధించెను. దాని వలన క్రైస్తవ లోకమున గొప్ప కలహము పుట్టెను. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైకియా నగరమున బిషప్పులను సమావేశపరచెను. కుమారుడు తండ్రితో ఏకస్వభావము గలవాడని ఆ సభ నిర్ణయించెను. అథనాసియస్ అప్పటికి తన బిషప్పు వెంట వచ్చిన డీకను మాత్రమే. 328లో తానే బిషప్పు అయ్యెను.

సభ ముగిసినను వివాదము ముగియలేదు. అర్సెనియస్ అను బిషప్పును చంపించెనని శత్రువులు ఆయనపై నేరము మోపిరి. ఆ మనుష్యుడు సజీవుడై యున్నట్లు తేలెను. అయినను, రాజధానికి బోవు ధాన్యపు ఓడలను ఆపెదనని బెదిరించెనను మరియొక నిందను విని, చక్రవర్తి 335లో ఆయనను దూరమందలి ట్రియర్ నగరమునకు పంపివేసెను. పిమ్మటి చక్రవర్తుల కాలమున మరి నాలుగు మార్లు అదే శిక్ష కలిగెను. 45 సంవత్సరముల పదవీకాలమున సుమారు 17 సంవత్సరములు ఇట్లే గడచెను. 356 తరువాత ఎడారిలోని సన్న్యాసులు ఆయనను దాచి కాపాడిరి.

‘తండ్రిని పోలినవాడు’ అన్న చాలునని 359లో కాన్‌స్టాంటియస్ చక్రవర్తి పక్షమువారు ఒక రాజీమాటను నిలిపిరి. అథనాసియస్ సమ్మతింపలేదు. సృష్టింపబడినవాడు మనుష్యులను దేవునితో జేర్చజాలడని ఆయన వాదము.

ఇది వట్టి మొండితనమని తలపరాదు. 362లో ఆయన అలెగ్జాండ్రియాలో ఒక సభ జరిపెను. దేవుని గూర్చి ‘హైపోస్టాసిస్’ అను గ్రీకు పదమును మూడని కొందరు, ఒక్కటేయని కొందరు వాడుచు, పరస్పరము నిందించుకొనుచుండిరి. సభ ఉభయులను మీ భావమేమని ప్రశ్నించెను. మూడన్నవారు ముగ్గురు దేవుళ్లని తలపలేదు. ఒకటన్నవారు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అను భేదమును కాదనలేదు. ఇరువురి విశ్వాసమును ఒకటేయని గ్రహించి సభ వారిని కలిపెను.

373 మే 2న ఆయన పరమపదించెను. 381లో కాన్‌స్టాంటినోపిల్ సభ నైకియా నిర్ణయమును స్థిరపరచెను. ఆ దినమును ఆయన చూడలేదు.

ఇంట నొక భాషయు వీధిలో మరియొక భాషయు వినుచు పెరుగు మన బాలబాలికలు ఈ చరిత్రమునుండి గ్రహింపవలసినది కలదు. భావము చెడునప్పుడు మాటను విడువరాదు. మాట వేరైనప్పుడు ఎదుటివాని భావమేమో అడిగి తెలిసికొనక తగవునకు దిగరాదు.