దువ్వెన పట్టిన చేతికి ఓ శాలువా

బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు వారు 2011లో హైదరాబాదులో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్‌కు 2026తో పదిహేనేళ్లు. నయం కాదని తేలిన క్యాన్సర్ రోగులను పైసా తీసుకోకుండా కడదాకా చూసుకునే చోటు అది. మన దేశంలో తొలి హాస్పిస్ అయిన ముంబయి శాంతి అవేదనా సదన్ 1986లో వెలిసింది కనక దానికీ ఇదే ఏడు నలభై నిండుతాయి. రెండు పండుగలు కలిసొచ్చిన ఈ ఏడాది డాక్టర్లకూ దాతలకూ దండలు ఎలాగూ పడతాయి, పడాలి కూడా. ఈ అభినందన మాత్రం ఇలాంటి చోట్ల, ఆసుపత్రి వార్డుల్లో, రోగుల తల దువ్వేవాళ్లకు, తలంటు పోసేవాళ్లకు, గడ్డం గీసేవాళ్లకు. వాళ్లలో ఆయాలున్నారు, నర్సులున్నారు, సెలవు పూట కత్తెర సంచీతో వచ్చి ఊరికే పనిచేసి వెళ్లే నాయీబ్రాహ్మణ సోదరులున్నారు.

మంచం దిగలేని మనిషికి తలంటు పోయడం ఎప్పుడైనా చూశారా? మనిషిని ఏటవాలుగా మంచం అంచుకు జరిపి భుజాల కింద దిండు పెడతారు. తల కింద రబ్బరు షీటు పరిచి, రెండంచులూ చుట్టి కాలువలా చేసి, కొసను బకెట్లోకి వదులుతారు. చెవుల్లో దూది, కళ్ల మీద మడతపెట్టిన తువ్వాలు. నీళ్లు తమ మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకున్నాకే చెంబు ఎత్తుతారు. కుంకుడురసం కళ్లు మండిస్తుందని పసిపిల్లల షాంపూ వాడతారు.

ఇదంతా ఒక ఎత్తు, చిక్కు తీయడం ఒక ఎత్తు. వారాల తరబడి దిండుకు ఆనిన జుట్టు అట్టకట్టుకుపోతుంది. “కత్తిరించి పారేయండమ్మా, పీడా పోతుంది” అంటారు వెంట ఉన్నవాళ్లు. పని తెలిసిన ఆయా ముందు మంచం మీదున్న పెద్దావిడనే అడుగుతుంది. ఆవిడ వద్దంటే కత్తెర పక్కన పెట్టి కొబ్బరినూనె పట్టిస్తుంది. కుదుళ్లు లాగకుండా పాయను ఒక చేత్తో బిగించి పట్టుకుని, పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి వస్తుంది. తల వెనక చర్మం ఒరిసి పుండు పడుతోందేమో అప్పుడే చూసుకుంటుంది. చివరికి చెరో పక్కా ఒక జడ అల్లుతుంది, వెనక ముడి ఉంటే పడుకున్నప్పుడు ఒత్తుకుంటుందని. బడి మానేశాక మళ్లీ ఇన్నాళ్లకు రెండు జడలు! ఆ పెద్దావిడ అద్దం అడిగి చూసుకోకుండా ఉంటుందా?

మగవాళ్ల వరస ఇంకొకటి. ఇంజెక్షను ఎప్పుడు, తిండి ఎప్పుడు, పక్క మార్చేది ఎప్పుడు, అన్నీ ఎవరో తేల్చేస్తున్న మనిషి దగ్గర కూర్చుని ఒకాయన “మీసం ఎలా ఉంచమంటారు బాబాయ్?” అంటాడు. ఆ ప్రశ్నకు నేను మందుతో సమానంగా విలువ కడతాను. తన మాట ఇంకా చెల్లుతోందని ఆ మనిషికి తెలుస్తుంది. సాయంత్రం అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చేసేసరికి ముఖం నున్నగా ఉంటుంది. మంగళవారం కత్తెర ముట్టొద్దంటే బుధవారం వస్తారు. పరదా అడిగిన ముసల్మాను తల్లికి పరదా కట్టి ఆడమనిషినే పంపుతారు. ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లకు చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు, అందుకే నర్సును అడిగాకే దగ్గరికెళ్లి, బ్లేడు మాని ట్రిమ్మరు వాడతారు.

గుండు మనకు కొత్తేమీ కాదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చి సంతోషంగా కొండ దిగుతాం. అది మొక్కి ఇచ్చింది. కీమో మొదలైన రెండు మూడు వారాలకు దిండు మీద రాలే జుట్టు ఎవరూ మొక్కుకున్నది కాదు. భర్త పోయిన ఆడవాళ్లకు బలవంతాన శిరోముండనం చేయించిన సమాజం మనది, ఆడవాళ్లకు ఆ బోడితలతో నలుగురి ముందుకు రావడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మందులు ఆపాక చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. హాస్పిస్‌లో ఉన్నవాళ్లకు అంత వ్యవధి ఉండకపోవచ్చు. ఉన్న నాలుగు వెంట్రుకలకే నూనె రాసి దువ్వి, అవీ లేకపోతే మెత్తటి నూలు రుమాలు అందంగా చుట్టే చేతులకు నా నమస్కారం.

నాయీబ్రాహ్మణులు ఒకప్పుడు మన ఊళ్లలో పుళ్లు కోసి కట్టు కట్టారు, వాళ్ల ఆడవాళ్లు పురుళ్లు పోశారు, పెళ్లిళ్లలో సన్నాయి వాయించారు. అంత చేసినా పీట మాత్రం దూరంగానే వేశాం. వాళ్ల పని విలువేమిటో హాస్పిస్ వైద్యమే చెబుతుంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, రోగి బాధంటే ఒంటినొప్పి ఒక్కటే కాదని, మనసుదీ మనుషులతో బంధాలదీ అందులో ఉంటుందని వైద్యలోకానికి బోధించారు. ఆ మిగతా బాధను తగ్గించే పనిలో దువ్వెన పట్టినవాళ్లకూ వాటా ఉంది.

కాబట్టి వార్షికోత్సవాలు జరిపే పెద్దలకు ఒక మనవి. వేదిక మీద ముందు వరసలో వీళ్లకు కుర్చీలు వేయండి, పేరుపేరునా పిలిచి శాలువా కప్పండి. అమ్మా, అన్నా, మీరు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. సెలూన్లు, బ్యూటీపార్లర్లు నడుపుతున్న మిత్రులారా, మీ ఊరి ఆసుపత్రికి వెళ్లి నెలకు ఒక్క పూట మాకివ్వండని అడగండి.