రికార్డుకెక్కడానికి తొంభై ఏడేళ్లు
(సార్జెంట్ హెన్రీ జాన్సన్ జీవితం)

యుద్ధంలో ప్రాణాలకు తెగించి పోరాడడం ఒక ఎత్తు. ఆ పోరాటం సర్కారు కాగితాల్లో సరిగ్గా నమోదు కావడం మరో ఎత్తు. మొదటిది ఒక్క రాత్రిలో అయిపోవచ్చు. రెండోదానికి ఒక్కోసారి ఒక జీవితకాలం కూడా చాలదు. ఈ సంచికలో సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచుతున్న జీవితం అలాంటిదే. ఇది మన దేశం కథ కాదు. అమెరికాలో పుట్టి, ఫ్రాన్సు గడ్డపై నెత్తురోడ్చిన ఒక నల్లజాతి సిపాయి కథ. అయినా ఆఫీసుల చుట్టూ కాగితాలు పట్టుకుని తిరిగిన అనుభవం ఉన్న ప్రతి ఇంటికీ ఇది తెలిసిన కథలాగే ఉంటుందని మా నమ్మకం.

హెన్రీ జాన్సన్ అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో సుమారు 1892లో పుట్టాడు. సుమారు అనడం ఎందుకంటే, ఆయన పుట్టిన తేదీ అన్ని కాగితాల్లోనూ ఒకేలా లేదు. చిన్న వయసులోనే పొట్ట చేతబట్టుకుని న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పట్టణం చేరాడు. బొగ్గు యార్డులో పనిచేశాడు, కారు నడిపాడు, రైల్వే స్టేషనులో పోర్టరుగా సామాన్లు మోశాడు. మనిషి పొట్టి, బక్కపలచన. చూసినవారెవరూ ఈయన యోధుడని అనుకునేవారు కాదు.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆ జూన్‌లోనే జాన్సన్ న్యూయార్క్ నేషనల్ గార్డుకు చెందిన 15వ పదాతి దళంలో చేరాడు. నల్లజాతివారి కోసం విడిగా ఏర్పరచిన దళమది. తర్వాత దానికే 369వ పదాతి దళమని పేరు వచ్చింది. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో తెల్లవారు వేరు, నల్లవారు వేరు. 1918 ఆరంభంలో ఈ దళం ఫ్రాన్సు చేరినప్పుడు వారికి మొదట ఇచ్చిన పని యుద్ధం కాదు, మోతపని. తెల్ల సిపాయిల పక్కన వీరిని నిలబెట్టడం ఇష్టంలేక చివరకు ఫ్రెంచి సైన్యానికి అప్పగించారు. ఫ్రెంచివారేమో మనుషులు చాలక అల్లాడుతున్నారు. కనుక చేతులు చాచి తీసుకున్నారు. ఫ్రెంచి తుపాకులు, ఫ్రెంచి ఇనుప టోపీలు ఇచ్చి ఆర్గాన్ అడవి అంచున కందకాల్లో నిలిపారు. ఒంటిమీద అమెరికా యూనిఫారం, చేతిలో ఫ్రెంచి తుపాకి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగిన అన్యాయంలో దీనికీ పాలుంది.

1918 మే 15. ఇంకా తెల్లవారలేదు. జాన్సన్, ఆయన తోటి సిపాయి నీడమ్ రాబర్ట్స్ ముందు వరుసలో కాపలా ఉన్నారు. చీకట్లో ముళ్లతీగలు కత్తిరిస్తున్న చప్పుడు వినిపించింది. జర్మన్ల దాడిదళం వచ్చిపడింది. కనీసం పన్నెండు మంది అని సర్కారు పత్రాలు చెబుతున్నాయి. ఇరవైకి పైనే అని చెప్పే కథనాలూ ఉన్నాయి. రాబర్ట్స్ తీవ్రంగా గాయపడ్డాడు. జాన్సన్ ఒళ్లంతా గాయాలైనా చేతిబాంబులు విసిరాడు. అవి అయిపోయాక తుపాకి పేల్చాడు. ఫ్రెంచి తుపాకిలో అమెరికన్ తూటాలు పెట్టడంతో అది కాస్తా ఇరుక్కుపోయింది. దాన్నే తిరగేసి దుడ్డుకర్రలా వాడాడు. అది కూడా విరిగింది. అంతలో రాబర్ట్స్‌ను శత్రువులు ఈడ్చుకుపోవడం కనిపించింది. జాన్సన్ మొలలోని పెద్ద బోలో కత్తి దూసి వారిమీద పడ్డాడు. రాబర్ట్స్‌ను విడిపించాడు. జర్మన్లు తమ గాయపడినవారిని మోసుకుంటూ పారిపోయేదాకా వెనక్కి తగ్గలేదు. ఒంటిమీద గాయాలు లెక్కపెడితే ఇరవై ఒకటి తేలాయి.

ఫ్రెంచివారు ఆలస్యం చేయలేదు. తమ శౌర్య పతకం క్రువా ద గేర్‌ను, అందులోనూ బంగారు తాటాకు గుర్తు ఉన్న దాన్ని, జాన్సన్‌కు ప్రదానం చేశారు. ఆ పతకం అందుకున్న తొలి అమెరికన్లలో ఆయనొకడు. అమెరికా పత్రికలు పతాక శీర్షికల్లో రాశాయి. 1919 ఫిబ్రవరి 17న న్యూయార్క్ నగర వీధుల్లో దళం ఊరేగినప్పుడు జాన్సన్‌ను పూలగుత్తితో ఓపెన్ కారులో నిలబెట్టి తిప్పారు. ఆయన బొమ్మను చూపి సైన్యంలోకి మనుషులను పిలిచారు. ఆయన పేరు చెప్పి యుద్ధ పొదుపు స్టాంపులు అమ్మారు. ఇంత చేసిన సొంత దేశం ఆయన రొమ్ముమీద మాత్రం ఒక్క శౌర్య పతకమూ పెట్టలేదు.

అంతకన్నా వింత ఇంకోటుంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆయన కాగితాల్లో గాయాల ఊసే లేకపోయింది! ఇరవై ఒక్క గాయాలతో నడుస్తున్న మనిషి రికార్డు ప్రకారం చెక్కుచెదరనివాడన్నమాట. పతకం ఇచ్చింది ఫ్రాన్సు. రికార్డు రాయాల్సింది అమెరికా. మధ్యలో ఉన్నది అధికారుల అండలేని నల్లజాతి సిపాయి. ఆయన తరఫున గట్టిగా సిఫారసు పెట్టి, దాన్ని పైకి పంపి, జవాబు వచ్చేదాకా వెంటపడినవారు లేకపోయారు.

జాన్సన్ ఆల్బనీ తిరిగొచ్చాడు. కాలి గాయం వల్ల పాత పోర్టరు పని సాగలేదు. ఊరూరా ఉపన్యాసాలకు పిలిచారు. 1919 మార్చిలో సెయింట్ లూయీ నగరంలో మాట్లాడుతూ, యుద్ధంలో నల్ల సిపాయిల పట్ల తెల్ల సిపాయిలు నడుచుకున్న తీరును దాచకుండా చెప్పేశాడు. జనం వినాలనుకున్నది పోరు కథ. ఈ కథ కాదు. అక్కడితో పిలుపులు ఆగిపోయాయి. వీరుడి పేరు మెల్లగా పత్రికల నుంచి మాయమైంది. భార్యతో కాపురమూ నిలవలేదు. 1929 జూలైలో, నలభై ఏళ్లు కూడా నిండకుండానే చనిపోయాడు.

ఆయన పోయాక ఏళ్ల తరబడి ఒక కథ చెప్పుకున్నారు. పెన్షన్ పైసా అందక బికారిగా చనిపోయాడనీ, ఆల్బనీలో దిక్కులేనివారిని పూడ్చేచోట పూడ్చారనీ ఆ కథ. వింటే గుండె కరిగిపోతుంది. కానీ రికార్డులు వెదికితే వేరే సంగతి తేలింది. యుద్ధ వీరుల బ్యూరో పత్రాల్లో, క్షయ వ్యాధి కారణంగా ఆయనను 1927లో పూర్తి అశక్తుడిగా గుర్తించి నెలనెలా భత్యం ఇచ్చినట్లు ఉన్నది. 2001-02 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర సైనిక చరిత్రకారులు గాలించగా ఆయన సమాధి కూడా దొరికింది. దిక్కులేని చోట కాదు. వాషింగ్టన్ నగరం పక్కన, దేశపు వీరులకు కేటాయించిన ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో! అక్కడి కాగితాల్లో పేరు విలియం హెన్రీ జాన్సన్ అని ఉంది. పేరులో ముందొక మాట చేరడంతో డెబ్బై ఏళ్లు ఆ మనిషి ఎక్కడున్నాడో అయినవారికి తెలియకుండా పోయింది.

ఇది చదివినప్పుడు మన ఇళ్లలోని కాగితాలు గుర్తుకు రాకమానవు. ఒక కాగితంలో షేక్ ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది. ఒకచోట మహమ్మద్ అని పూర్తిగా, మరోచోట ఎండీ అని పొడిగా. మనిషి ఒక్కడే. ఆఫీసు గుమాస్తా లెక్కలో మాత్రం ఇద్దరు.

ఇక రికార్డు దిద్దే పని ఎలా సాగిందో చూద్దాం. ఇందులో రెండు రకాలున్నాయి. ఇచ్చిన పతకమో, తగిలిన గాయమో కాగితంలోకి ఎక్కకపోతే దాన్ని ఎక్కించడం ఒకటి. రావలసిన పతకం అసలే ఇవ్వకపోతే ఇప్పించడం రెండోది. మొదటిదాని కోసం అమెరికాలో 1946 నాటి చట్టం కింద సైనిక రికార్డుల సవరణ బోర్డులు ఏర్పడ్డాయి. సిపాయి గాని, ఆయన పోతే వారసులు గాని అర్జీ పెట్టుకోవచ్చు. అయితే తప్పు జరిగిందని చూపించవలసిన భారం అర్జీదారు మీదే ఉంటుంది. పైగా 1973 జూలైలో సెయింట్ లూయీలోని రికార్డుల భవనం తగలబడింది. 1912 నుంచి 1960 లోపు సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో సుమారు 80 శాతం బూడిదయ్యాయి. అప్పటినుంచి ఎన్నో కుటుంబాలు కంపెనీ హాజరు పట్టీలు, ఆసుపత్రి చిట్టాలు, పాత ఉత్తర్వులు, పత్రికా కత్తిరింపులు ఏరుకొచ్చి పోయిన రికార్డును మళ్లీ కట్టుకోవలసి వచ్చింది.

జాన్సన్ విషయంలో రెండు పనులూ కావలసి వచ్చాయి. ఆల్బనీలోని మాజీ సైనికులు ఈ పనిని ఇంటిపనిలా నెత్తికెత్తుకున్నారు. 1991లో ఆ ఊళ్లో స్మారక చిహ్నం నిలిచింది. 1996లో, చనిపోయిన 67 ఏళ్లకు, యుద్ధంలో గాయపడినవారికిచ్చే పర్పుల్ హార్ట్ పతకం వచ్చింది. అంటే ఆ గాయాలు నిజమేనని దేశం అప్పటికి ఒప్పుకుందన్నమాట. మరో ఆరేడేళ్లకు, ఆ సైన్యంలో రెండో పెద్ద శౌర్య పతకమైన డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ దక్కింది. అన్నిటికన్నా పెద్దదైన మెడల్ ఆఫ్ ఆనర్ మాత్రం అందలేదు. అప్పటి పై అధికారుల ఆమోదం చూపే పత్రం ఏదన్నది అడ్డుపడిన ప్రశ్న. పైగా ఆ పతకానికి చట్టం పెట్టిన గడువు ఎప్పుడో దాటిపోయింది.

వెదికేవారు ఆగలేదు. చివరకు ఫ్రాన్సులోని అమెరికా సేనలకు అధిపతి అయిన జనరల్ పెర్షింగ్ పంపిన ఒక అధికార సమాచారం దొరికింది. పోరాటం జరిగిన కొద్ది రోజులకే పంపినది. అందులో జాన్సన్, రాబర్ట్స్‌ల ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. సెనేటర్ షూమర్ దాన్ని జతచేసి సుమారు 1,300 పేజీల అర్జీని సైన్యానికి సమర్పించాడు. 2014 డిసెంబరులో అమెరికా పార్లమెంటు గడువును సడలించింది. 2015 జూన్ 2న అధ్యక్షుడు ఒబామా మెడల్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేశాడు. అదే రోజు అదే పతకం అందుకున్న మరో పేరు విలియం షెమిన్. ఈయన యూదు మతస్థుడైన సిపాయి, 1918లోనే ఫ్రాన్సులో గాయపడిన తోటివారిని మూడుసార్లు గుళ్లవానలోకి వెళ్లి మోసుకొచ్చినవాడు. 1973లోనే పోయాడు. తండ్రికి జాతి వివక్ష వల్లనే తక్కువ పతకం ఇచ్చారని ఆయన కూతురు ఏళ్ల తరబడి పోరాడి నెగ్గింది.

జాన్సన్ పతకం పుచ్చుకోవడానికి మాత్రం రక్త సంబంధీకులెవరూ లేకపోయారు. ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. హెర్మన్ జాన్సన్ అనే పేరున్న వైమానికుడు, రెండో ప్రపంచ యుద్ధపు టస్కెగీ దళానికి చెందినవాడు, తాను హెన్రీ జాన్సన్ కొడుకునని నమ్మి ఈ పోరాటంలో ముందు నిలిచాడు. 2004లో పోయాడు. మెడల్ ఆఫ్ ఆనర్ సమయంలో సైన్యం వంశవృక్షం పరిశీలిస్తే ఆ చుట్టరికం నిలవలేదు. అందుకే న్యూయార్క్ నేషనల్ గార్డు తరఫున కమాండ్ సార్జెంట్ మేజర్ లూయిస్ విల్సన్ ఆ పతకం స్వీకరించాడు. హెర్మన్ చేసిన కృషి దీనితో తక్కువ కాదు. నెత్తుటి బంధం లేకున్నా కొడుకు చేయవలసిన పని చేశాడు.

మేము ఈ జీవితంలో గ్రహించిన విషయం ఇదే. రికార్డు దిద్దించడం అంటే దయ అడుక్కోవడం కాదు. నిజాన్ని దాని చోట పెట్టించడం. ఆ నిజం ఒక్కోసారి మనకు పతకం తెస్తుంది. ఒక్కోసారి మనం ముద్దుగా చెప్పుకున్న కథను కొట్టేస్తుంది. దిక్కులేని సమాధి కథ పోయింది, కొడుకు కథ పోయింది, ఇరవై ఒక్క గాయాలు మాత్రం నిలిచాయి. రెండు వైపులా ఒప్పుకున్నవారికే పూర్తి న్యాయం దక్కుతుంది.

ఆ గౌరవం కూడా రాతిమీద గీతలా నిలిచిపోలేదు. 2023 జూన్‌లో లూసియానా రాష్ట్రంలోని పెద్ద సైనిక స్థావరం ఫోర్ట్ పోక్‌కు ఫోర్ట్ జాన్సన్ అని ఆయన పేరు పెట్టారు. 2025లో ఆ పేరు తీసి మళ్లీ పోక్ అనే పేరే పెట్టారు, ఈసారి అదే ఇంటిపేరున్న మరో సేనాని పేరున. బోర్డుమీది పేరు మారవచ్చు. రికార్డుకెక్కిన పతకం మాత్రం అలాగే ఉంది.

మన సభ్యుల ఇళ్లలోనూ సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఉంటారు. పెద్దలు బతికుండగానే డిశ్చార్జి బుక్కు ఒకసారి బయటికి తీయండి. పేరు, నెంబరు, పుట్టిన తేదీ, భార్యాబిడ్డల పేర్లు, గాయాలు, పతకాలు అన్నీ ఉన్నాయో లేవో సరిచూడండి. తేడా ఉంటే రికార్డ్స్ ఆఫీసుకు రాతపూర్వకంగా రాయండి, నకలు దాచుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నది అందుకే. తోటి సిపాయిలు బతికుంటే వారి మాట కాగితం మీద పెట్టించండి. ఇవాళ ఒక పూట పని. రేపు మనవల కాలానికి అదే 1,300 పేజీల పని అవుతుంది.