ఎర్నెస్ట్ అబ్బే మహాశయుడు

నీటిలో నిలిపిన పుల్ల వంగినట్లు కనబడుట మనమెల్లరము ఎరిగినదే. గాలికిని ద్రవమునకును నడుమ కాంతి దారి మార్చుకొనుటయే దీనికి కారణము. ఆ మార్పు యొక్క కొలతకు వక్రీభవన గుణకమని పేరు. అది నీటికి 1.333; చక్కెర కలిపినకొలది హెచ్చును. కొద్ది చుక్కల ద్రవముతో ఈ గుణకమును కనుగొను సాధనమును లోకమునకు ఒసంగినవాడు ఎర్నెస్ట్ అబ్బే.

ఆయన 1840 జనవరి 23వ తేదీన జర్మనీలోని ఐజెనాహ్ పట్టణమున జన్మించెను. తండ్రి నూలుమిల్లు కార్మికుడు. దినమునకు 14 మొదలు 16 గంటలు నిలుచుండి పనిచేసెడివాడు. బాలుడు మధ్యాహ్న భోజనము తీసికొనిపోగా, తండ్రి యంత్రమునకు ఆనుకొని గబగబ తిని, గిన్నె కొడుకు చేతికిచ్చి మరల పనిలో దిగెడివాడు. ఆ దృశ్యమును అబ్బే జీవితాంతము మరువలేదు.

మిల్లు యజమాని సాయమున విద్యనభ్యసించి, 1861లో డాక్టరు పట్టమునంది, 1863లో యేనా విశ్వవిద్యాలయమున బోధకుడయ్యెను. సూక్ష్మదర్శినుల నిర్మాత కార్ల్ జైస్ 1866లో ఆయన సహాయమును కోరెను. అప్పటివరకు అనుభవముచే సాగిన ఆ వృత్తికి అబ్బే గణితమును ఆధారముగా నిలిపెను.

1869లో రూపొందించిన వక్రీభవన మాపకమున రెండు గాజు పట్టకముల నడుమ ద్రవమును పలుచని పొరగా ఉంచుదురు. ఒక హద్దు కోణమును దాటిన కిరణములు ద్రవమును చొరలేక పూర్ణముగా వెనుకకు మరలును. అందుచే కంటి యెదుట వెలుగును చీకటియు చెరిసగముగా కనబడును. వాని సరిహద్దును బట్టి గుణకమును చదువుకొనవచ్చును. చక్కెరపాకముల చిక్కదనమును, నూనెల స్వచ్ఛతను పరీక్షించుటకు ఇది మిక్కిలి ఉపకరించినది. నేడు సన్నని గాజుపోగును ద్రవమున ముంచి ఈ గుణకమునే కొలుచు సాధనములు వచ్చినవి. వానిలో పెక్కింటికిని కాంతి యొక్క ఈ ధర్మమే మూలము.

1876లో జైస్ కర్మాగారమున భాగస్వామియై అబ్బే ధనవంతుడయ్యెను. 1888లో జైస్ గతించగా, మరుసటి యేట ఆయన పేరిట ధర్మసంస్థను నెలకొల్పి, 1891లో తన భాగమును దానికి ధారపోసెను. పనివారికి వేతనముతో కూడిన సెలవులను, పింఛనులను ఏర్పరచెను. 1900లో పనిదినమును 8 గంటలకు తగ్గించెను. 1896లో యేనాలో వెలసిన ప్రజాపఠనమందిరమునకు అండగా నిలిచెను. 1905 జనవరి 14వ తేదీన పరమపదించెను. ఆ పట్టణపు గ్రంథాలయమునకు పిదప ఆయన పేరే పెట్టిరి.

విశ్రాంతి లేనివానికి గ్రంథమున్నను ప్రయోజనము లేదు. గ్రంథము లేనివానికి విశ్రాంతియు వెలితియే. ఈ రెంటిని కూర్చి పనివారికి ఒసంగిన అబ్బే, పగటి పని ముగించి మన గ్రంథాలయపు మెట్లెక్కు ప్రతి పాఠకునకును ఆత్మబంధువు.