కలలోనూ తనను వెదకుకొన్న అగస్టీన్

నిద్రలో వచ్చే కలకు మనిషి బాధ్యుడా? ఈ సందేహం మీకూ ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుంది. పదహారు వందల ఏళ్ల క్రితం ఉత్తరాఫ్రికాలోని హిప్పో నగరంలో ఒక క్రైస్తవ బిషప్‌ను ఇదే ప్రశ్న వేధించింది. ఆయనే సెయింట్ అగస్టీన్.

నేటి అల్జీరియాలోని తగాస్తే పట్టణంలో క్రీ.శ. 354లో ఆయన జన్మించారు. తల్లి మోనికా పరమ భక్తురాలు. కుమారుడు మాత్రం విద్యార్థిగా కార్తేజ్ చేరి భోగలాలసలో మునిగిపోయారు. అక్కడ ఒక స్త్రీతో వివాహం లేకుండానే పుష్కరకాలానికి పైగా కాపురం చేశారు. వారికి అదియోదాతుస్ అనే కుమారుడు కలిగాడు. 384లో మిలాన్‌లో వక్తృత్వ శాస్త్రానికి ఆచార్యులయ్యాక, తల్లి ఉన్నత కుటుంబంలో సంబంధం కుదిర్చింది. దానితో ఆ స్త్రీని ఆఫ్రికాకు పంపివేశారు. ఇక పరపురుషుని ఎరుగనని వ్రతం పూని, బిడ్డను తండ్రి వద్దే విడిచి ఆమె వెళ్లిపోయింది. వధువుకు యుక్తవయస్సు వచ్చేవరకు రెండేళ్లు ఆగలేక అగస్టీన్ మరొక స్త్రీని చేరదీశారు. తాను పట్టలేని వ్రతాన్ని ఆమె పట్టిందని ఆయనే ఒప్పుకున్నారు. కానీ ఆ ఇల్లాలి పేరును ఎక్కడా రాయలేదు. మనకది వెలితిగానే తోస్తుంది.

యౌవనారంభంలో ఆయన ప్రార్థన కూడా విచిత్రమైనది. నిగ్రహం ప్రసాదించమని దేవుని వేడుకొంటూనే, ఆ వరం వెంటనే దక్కుతుందేమోనని లోలోన భయపడేవారు. 386లో ఒకనాడు తోటలో విలపిస్తుండగా పొరుగింటి నుండి పసికంఠం వినవచ్చింది. గ్రంథం తీసి చదవమన్న ఆజ్ఞగా దానిని భావించి పౌలు లేఖను తెరిచారు. భోగాలను వీడమన్న మాట కంటబడింది. వివాహాన్నీ కొలువునూ త్యజించి, 387లో కుమారునితో కలిసి జ్ఞానస్నానం పొందారు.

పరస్త్రీని మోహంతో చూడటమే హృదయంలో వ్యభిచారమని యేసుక్రీస్తు కొండమీద బోధించారు. మరి తలపు తట్టిన ప్రతివాడూ పాపియేనా? అగస్టీన్ దీనిని మూడు దశలుగా విడదీశారు. మొదట తలపు వస్తుంది, పిమ్మట అది రుచిస్తుంది, చివరకు మనసు సమ్మతిస్తుంది. ఆ సమ్మతితోనే పాపం పూర్తవుతుంది. 410లో గోతులు రోమ్‌ను కొల్లగొట్టి స్త్రీలను చెరిచినపుడు, ఈ విచారమే వారికి అండగా నిలిచింది. మనసు సమ్మతించనపుడు పరుల దౌష్ట్యం వల్ల శీలం పోదని ఆయన వాదించారు. అయితే దాంపత్యంలో సైతం సంతానాపేక్ష లేని కోరికను ఆయన దోషంగానే ఎంచారు. గృహస్థాశ్రమాన్ని ధర్మంగా భావించే మనకు ఇది కఠినమే.

బిషప్ అయిన పిమ్మట రాసిన ఆత్మకథలో ఆయన దాచుకోదగినదే బయటపెట్టారు. మెలకువలో బలహీనమైన పాత రూపాలు కలలో విజృంభించి తనను లోబరచుకొంటున్నాయన్నారు. అప్పుడు నేను నేను కానా అని తల్లడిల్లారు. మేల్కొన్నాక అంతరాత్మ శాంతించినా, తనలో అది జరిగినందుకు దుఃఖించి, తన బలం చాలదని దైవానుగ్రహాన్నే అర్థించారు.

430లో వాండల్ సేనలు హిప్పోను ముట్టడించిన వేళ ఆయన మంచం పట్టారు. పశ్చాత్తాప కీర్తనలను రాయించి, పడుకొన్నచోటికి కనిపించేలా గోడపై పెట్టించుకొన్నారు. వైద్యులు వచ్చే వేళ, ఆహారం తెచ్చే వేళ తప్ప ఎవరినీ లోపలికి రానివ్వవద్దన్నారు. వాటిని చదువుకొంటూ, కన్నీరు కారుస్తూ, ఆగస్టు 28న తనువు చాలించారు.